సిద్ధపరచిన చేతులు

వాక్యభాగం: యోబు 28:1-11

యోబు శ్రమల మీద ప్రసంగాలు చాలా విన్నాం. ఈ ఇరవై ఎనిమిదో అధ్యాయం మీద విన్నది మాత్రం తక్కువే. ఇందులో ఒక గని కనిపిస్తుంది. జనం తిరిగే చోటికి దూరంగా, వెలుతురు లేని చోట తాళ్లకు వేలాడుతూ రాళ్లలో లోహం వెదికే పనివాళ్లు కనిపిస్తారు. ఐదో వచనం దగ్గర కాస్త ఆగి చదవండి. మనకు తిండి పండించే నేలే అడుగున నిప్పుతో తిరగబడుతూ ఉంటుందని అక్కడ ఉంది.

ఆ వచనం చదివితే నాకు స్వీడన్ దేశపు ఒక వంట గుర్తొస్తుంది. బంగాళాదుంపలు, సాసేజ్ పొరలుపొరలుగా పేర్చి ఓవెన్‌లో వండుతారు. అక్కడ మామూలు ఇళ్లలో మామూలు రోజున చేసుకునే వంటే. ఆ సాసేజ్‌ని ఫాలుకోర్వ్ అంటారు. దాని పుట్టిల్లు ఫాలూన్ పట్టణం. 17వ శతాబ్దంలో ఐరోపాకు కావలసిన రాగిలో ఎక్కువ భాగం ఫాలూన్ గని నుంచే వెళ్లేది. బండ పక్కన కట్టెలు పేర్చి మంట పెట్టేవారు. వేడికి రాయి బీటలు వారాక పగలగొట్టేవారు. యోబు చెప్పిన అడుగు నిప్పు అచ్చంగా ఇదే. ఖనిజాన్ని పైకి లాగే మోకులను ఎడ్ల తోళ్లతో పేనేవారు. తోళ్లు గనికి పోతే మాంసం మిగిలిపోయేది. దాన్ని పారేయకుండా ఉప్పు వేసి, పొగ పట్టించి సాసేజ్ చేసుకున్నారు. ఇప్పుడు స్వీడన్ పిల్లలు బడిలో మధ్యాహ్నం తినే ముక్క వెనుక ఆ గని మోకు ఉంది.

మొక్కల శాస్త్రవేత్త లిన్నేయస్ 1734లో ఆ గని చూసి, దాన్ని నరకంతో పోల్చాడు. అంతకు కొన్నేళ్ల ముందు, 1719లో, వాడుకలో లేని ఒక సొరంగంలో నీటి అడుగున ఒక యువకుడి శవం దొరికింది. తుత్తం లాంటి లవణాలు కలిసిన నీళ్లలో ఉండడం వల్ల కుళ్లలేదు. మొహం చెక్కుచెదరలేదు. పైకి తెచ్చి పడుకోబెట్టారు. అతనెవరో ఎవరికీ తెలియలేదు. చివరికి వయసు మళ్లిన ఒకావిడ వచ్చి చూసి గుర్తుపట్టింది. మాట్స్ ఇస్రాయేల్సన్. ఒకప్పుడు ఆమెను పెళ్లాడవలసినవాడు. 1677లో గనిలోకి ఒక్కడే దిగి, మళ్లీ పైకి రాలేదు. నలభై రెండేళ్లు గడిచేసరికి ఆమె ముసలిదైంది, అతను మాత్రం ఆనాటి కుర్రవాడిగానే ఉన్నాడు. ఆ తర్వాత కూడా అతనికి విశ్రాంతి దొరకలేదు. వింత వస్తువులా చాలా కాలం ప్రదర్శనకు పెట్టారు. 1930లో గానీ చర్చి ఆవరణలో శాశ్వతంగా సమాధి చేయలేదు. అన్నేళ్లూ అతన్ని వింతగా కాక మనిషిగా, పేరుతో ఎరిగినవాడు దేవుడొక్కడే అనుకుంటే నాకు గుండె నిండుతుంది. ఎన్ని గనుల్లో ఎందరు మాట్స్‌లు ఉన్నారో!

ఇక వంట సంగతి. కిలో దుంపలు చెక్కు తీసి, కాస్త మందంగా చక్రాలు కోసి, ఉప్పునీళ్లలో ఐదు నిమిషాలు ఉడికించండి. ఉల్లిపాయలు వెన్నలో మెత్తబడేదాకా వేయించండి. ఫాలుకోర్వ్ మన దగ్గర దొరకదు కాబట్టి చికెన్ సాసేజ్ ఏటవాలుగా కోసుకోవచ్చు. గాజు గిన్నెలో దుంపలు, ఉల్లి, సాసేజ్ వరుసగా పరచండి. పాలు, మీగడ, ఒక చెంచా ఆవాల ముద్ద, చిటికెడు జాజికాయ పొడి, మిరియాలు కలిపి పైన పోయండి. ఆ పైన తురిమిన చీజ్. 200 డిగ్రీల వేడిలో ముప్పావుగంట ఉంచితే చాలు. అంచుల వెంట పాలు బుడగలు కట్టి చిక్కబడతాయి. పైకి తేలిన సాసేజ్ ముక్కలు ఒంపు తిరిగి ఎర్రబడతాయి. దించాక పది నిమిషాలు కదపకండి, పాలన్నీ దుంపల్లోకి ఇంకాలి.

ఆ ముప్పావుగంట వేడి ఎక్కడిది? తెలంగాణ ఇళ్లకు వచ్చే కరెంటులో పెద్ద వాటా బొగ్గుది. ఆ బొగ్గులో చాలా భాగం సింగరేణిది. 1889లో ఇల్లందు దగ్గర మొదలైన ఆ తవ్వకం ఈ రోజు కూడా కొత్తగూడెంలో, మందమర్రిలో, భూపాలపల్లిలో సాగుతూనే ఉంది. మనం స్విచ్ వేసే వేళకు ఎవరో తలకు లైటు కట్టుకుని బొగ్గు బాయిలో దిగి ఉంటారు. ఇంటి దగ్గర ఒకరు గడియారం చూస్తూ ఉంటారు.

భోజనానికి ముందు మనం ఆహారం సిద్ధపరచిన చేతులను దీవించమని ప్రార్థిస్తాం. మంచి ప్రార్థన. కానీ మన మనసులో ఆ చేతులు వంటింటి గడప దాటి వెళ్లవు. గని కార్మికుడు, మోకు పేనినవాడు, దుంప తవ్వినవాడు కూడా ఆ మాటలోకి రావాలని నా విన్నపం. మార్టిన్ లూథర్ 1529లో రాసిన చిన్న ప్రశ్నోత్తరిలో, అనుదినాహారం అంటే తిండి ఒక్కటే కాదని, ఇల్లు, పొలం, మంచి పొరుగువారు కూడా అందులో ఉన్నారని నేర్పాడు. స్వీడన్ పిల్లలూ, గుంటూరు లూథరన్ సంఘాల పిల్లలూ నేర్చుకున్నది ఇదే పాఠం. లూథర్ తండ్రి మాన్స్‌ఫెల్డ్‌లో రాగి గనుల వ్యాపారంలో బతికినవాడు. కొడుకు అన్నం ముందు చేతులు జోడించినప్పుడు ఆ గనులు అతనికి గుర్తు రాకుండా ఉంటాయా?

ప్రార్థన: తండ్రీ, ఈ పళ్లెంలోని దుంప కోసం, మాంసం కోసం, దీన్ని వండిన వేడి కోసం నీకు స్తోత్రం. ఈ రాత్రి షిఫ్టుకు బాయిలో దిగినవారిని కాపాడు. పైకప్పు వారి మీద కూలనివ్వకు. గనుల్లో బిడ్డలను, భర్తలను పోగొట్టుకున్న ఇళ్లకు ఆదరణ ఇవ్వు, వారికి రావలసిన న్యాయం అందించు. వారి కష్టం తింటున్నామన్న సంగతి మమ్మల్ని మరువనివ్వకు. యేసు నామంలో అడుగుతున్నాం, ఆమేన్.