వేసవి సగటుకు ఉనికి ఉందా?

ఒక ఊరిలో ఉష్ణోగ్రత సాధారణం కంటే నాలుగు డిగ్రీలు ఎక్కువగా, మరొక ఊరిలో రెండు డిగ్రీలు తక్కువగా నమోదైందని వేసవి ప్రకటనలు చెప్పేటప్పుడు, ఆ 'సాధారణం' అనే కొలమానం ఏ రోజునా ఏ ఊరిలోనూ విడిగా కనిపించే వస్తువు కాదు. ఒక కేంద్రంలో ముప్పై సంవత్సరాల పాటు, ఇప్పటి లెక్కలో 1991 నుంచి 2020 వరకు, నమోదైన కొలతలను కూడి భాగించగా వచ్చిన సంఖ్య అది. అటువంటి సంఖ్యకు ఉనికి ఉందా, ఉంటే అది ఎండకున్న ఉనికి వంటిదేనా, దానిని ఆధారం చేసుకొని ఒకరి తాపాన్ని ఎక్కువనీ మరొకరి తాపాన్ని తక్కువనీ నిర్ణయించడం ఎంతవరకు ధర్మం అనే ప్రశ్నలు ఈ రూపంలో కొత్తవే అయినా, వాటి మూలాలు జాతి, వ్యక్తి, సంఖ్య, దుఃఖం అనే పదార్థాల గురించి భారతీయ దర్శనాలు సాగించిన సుదీర్ఘ చర్చలో ఉన్నాయి.

భారత వాతావరణ శాఖ పాటించే ప్రమాణాల ప్రకారం గరిష్ఠ ఉష్ణోగ్రత మైదానాలలో 40 డిగ్రీలకు, తీరంలో 37 డిగ్రీలకు, కొండ ప్రాంతాలలో 30 డిగ్రీలకు చేరినప్పుడే వడగాడ్పు ప్రసక్తి మొదలవుతుంది; ఆపైన అది సాధారణాన్ని 4.5 డిగ్రీలు మించితే వడగాడ్పుగా, 6.4 డిగ్రీలకు పైగా మించితే తీవ్రమైన వడగాడ్పుగా పరిగణిస్తారు. ఒకే వేడిమికి మూడు గడపలు ఎందుకన్నదానికి సమాధానం నేలలోనూ గాలిలోనూ ఉంది. సముద్రానికి దూరంగా ఉన్న రామగుండం, రెంటచింతల వంటి చోట్ల తడి ఇంకిపోయిన నేల పగలంతా కాగి, వాయవ్యం నుంచి వచ్చే పొడిగాలి ఆ కాకను ఇంకా పెంచుతుంది. విశాఖపట్నంలో మధ్యాహ్నానికి సముద్రపు గాలి లోపలికి వీచి వేడిని అదుపు చేస్తుంది గాని, ఆ గాలిలోని తేమ వల్ల చెమట ఆరక శరీరం తన వేడిని బయటికి పంపలేకపోతుంది. పడమటి గాలి బలపడి సముద్రపు గాలిని అడ్డుకున్న రోజున ఆ కాస్త ఉపశమనమూ ఉండదు. పంచాంగం రోహిణి కార్తెను అన్ని ఊళ్లకూ ఒకేసారి ప్రవేశపెడుతుంది. ఆ కార్తెలోని ఎండ మాత్రం ఊరూరా వేరుగానే ఉంటుంది.

ఈ వైవిధ్యానికి అతీతంగా నిలిచే సగటును వైశేషికులు చెప్పే 'సామాన్యం'తో పోల్చాలని ఎవరికైనా అనిపించడం సహజం. సామాన్యమంటే అనేక వ్యక్తులలో ఒకటిగా, మార్పు లేకుండా ఉండే జాతి. ఆంధ్రుడైన అన్నంభట్టు తర్కసంగ్రహంలో దానిని నిత్యమైనదిగానే నిర్వచించాడు. గోత్వం ప్రతి గోవులోనూ పూర్తిగా ఉంటుంది, ఒక గోవు చనిపోతే తరిగిపోదు. సగటు అటువంటిది కాదు, ఎందుకంటే అది ఏ ఒక్క రోజులోనూ పూర్తిగా లేదు, పైగా నిత్యమూ కాదు. పదేళ్లకొకసారి లెక్క ముందుకు జరిగి, 1981–2010 స్థానంలో 1991–2020 వచ్చినట్లు, సాధారణమే మారిపోతుంది. దానికి దగ్గరగా నిలిచేది వైశేషికుల సంఖ్యావిచారమే. రెండు కుండలను చూసినవాడు 'ఇది ఒకటి, ఇది ఒకటి' అని కలిపి గ్రహించే జ్ఞానానికి అపేక్షాబుద్ధి అని పేరు. ద్విత్వం, అంటే రెండు అనే సంఖ్య, ఆ బుద్ధి వల్లనే పుట్టి, ఆ బుద్ధితోనే నశిస్తుందని వారు చెప్పారు. ద్విత్వం భ్రాంతి కాదు, కుండలలో ఉండే గుణమే, అయినా చూసేవాడు కలిపి చూడనిదే అది పుట్టదు. ఋతుసగటుకు ఇంతకంటే సరిపోయే స్థానం దర్శనాలలో దొరకడం కష్టం.

బౌద్ధ తార్కికులు మరింత కఠినంగా ఆలోచించారు. వేంగికి సమీపంలోని ఒక కొండ మీద దిఙ్నాగుడు హేతువిద్యా గ్రంథం రచించాడని 7వ శతాబ్దంలో ఆంధ్రదేశానికి వచ్చిన హ్యూయన్‌త్సాంగ్ పేర్కొన్నాడు. ఆ దిఙ్నాగుని మతంలో ప్రత్యక్షానికి గోచరించేది స్వలక్షణం, అంటే ఆ క్షణానికీ ఆ చోటుకూ మాత్రమే చెందిన విశిష్ట వస్తువు. సామాన్యలక్షణం బుద్ధి కల్పించుకునేది, అది అనుమానానికి, అంటే హేతువును బట్టి ఊహించి తెలుసుకోవడానికి, విషయం. ఆయన బాటలో నడిచిన ధర్మకీర్తి పరమార్థంగా సత్యమైనదాన్ని గుర్తించడానికి అర్థక్రియాసామర్థ్యాన్ని, అనగా ఏదైనా ఒక ఫలితాన్ని కలిగించగల శక్తిని, గీటురాయిగా పెట్టాడు. ఆ గీటురాయి మీద సగటు నిలవదు, ఎందుకంటే అది ఎవరినీ కాల్చదు, ఎవరికీ వడదెబ్బ తగిలించదు. ఆ పని చేసేది ఆ మధ్యాహ్నం, ఆ రేకుల కప్పు కింద, ఆ శరీరానికి తగిలిన వేడిమి మాత్రమే. అయితే ధర్మకీర్తి అనుమానాన్ని ప్రమాణంగా తోసిపుచ్చలేదన్నది మరువరాదు. కల్పితమైన సామాన్యం గుండా వెళ్లినా అది చివరికి మనిషిని పనికి వచ్చే వస్తువు దగ్గరికే చేరుస్తుంది కాబట్టి ప్రమాణమన్నాడు. ముందురోజు వెలువడే వడగాడ్పు హెచ్చరిక ప్రామాణ్యం అంతవరకే, కాని ఆ మేరకు అది అమూల్యం.

సగటును వస్తువుగా పొరబడినప్పుడు జరిగే హాని దుఃఖవిచారంలో స్పష్టమవుతుంది. ఈశ్వరకృష్ణుని సాంఖ్యకారిక దుఃఖత్రయ ప్రస్తావనతోనే మొదలవుతుంది. తన శరీరమనస్సుల నుంచి కలిగేది ఆధ్యాత్మికం, ఇతర ప్రాణుల వల్ల కలిగేది ఆధిభౌతికం, మానవ ప్రయత్నానికి లొంగని శక్తుల వల్ల కలిగేది ఆధిదైవికం. గౌడపాదుని భాష్యం చలిని, వేడిని ఈ మూడవదానిలోనే చేర్చింది. 2015 మే నెలలో వడగాడ్పులకు దేశంలో రెండు వేల మందికి పైగా మరణించగా, వారిలో అత్యధికులు ఆంధ్రప్రదేశ్, తెలంగాణలవారే. బొగ్గు, చమురు మండించడం వల్ల భూతాపం పెరుగుతున్నదని తెలిసిన తరువాత ఇటువంటి మరణాలను పూర్తిగా ఆధిదైవికమనడం న్యాయం కాదు. వాటిలో కొంత భాగం ఆధిభౌతికంలోకి, అంటే బాధ్యులు ఉన్న దుఃఖంలోకి, జరిగిపోయింది. పెరిగిన వేడి పదేళ్లకు సగటులోనే కలిసిపోయి, రేపటి తేడాను చిన్నదిగా చూపుతుంది. శరీరం తట్టుకోగల హద్దు మాత్రం ఆ లెక్కతోపాటు జరగదు.

వేదాంతం శీతోష్ణాలను విలపించకుండా ఓర్చుకోవడాన్ని తితిక్ష అని పిలిచి, సాధకునికి కావలసిన శమాది ఆరు గుణాలలో చేర్చింది. అది ఇష్టపూర్వకంగా మోక్షాన్ని కోరినవాడు తనకు తాను విధించుకునే నియమం. చెరువు పూడిక తీసే ఉపాధి కూలీకి, ఇటుక బట్టీలో పనిచేసే స్త్రీకి మధ్యాహ్నపు ఎండను తప్పించుకునే అవకాశమే లేనప్పుడు వారి ఓర్పును తితిక్షగా కొనియాడడం శాస్త్రాన్ని దుర్వినియోగం చేయడమే. ఉష్ణోగ్రత సాధారణం కంటే ఒక్క డిగ్రీయే ఎక్కువన్న కారణంతో వారి పనివేళలను మార్చకపోవడం అంతకంటే పెద్ద తప్పు, ఎందుకంటే రామగుండంలో ఆ సాధారణమే మనిషి శరీరపు వేడికంటే ఎక్కువ.