గట్టు మీది పగ, గడప లోపలి జపం



రాత్రి అన్నాలయ్యాక మన ఇళ్లలో పిల్లలను కూర్చోబెట్టుకొని జపం చెప్పుకుంటాం. పరలోక జపంలో ఒకచోట మనం దేవునితో ఒక ఒప్పందం చేసుకుంటాం. మాకు కీడు చేసినవారిని మేము ఏ కొలతతో మన్నిస్తామో, అదే కొలతతో మమ్మల్నీ మన్నించమని అడుగుతాం. మన బిడ్డ కూడా చేతులు జోడించి, కళ్లు మూసుకొని ఆ మాట అంటాడు. తెల్లవారి బడికి పోతూ, ఎదురింటి గుమ్మంలో నిలబడిన పెదనాన్నను చూసి తల పక్కకు తిప్పుకుంటాడు. జపం మనమే నేర్పాం. తల తిప్పుకోవడం ఎవరు నేర్పారు?

ఈ ప్రశ్న కాస్త నొప్పి కలిగించేదే. అయినా అడగక తప్పదు. నరసరావుపేట మొదలు మాచర్ల దాకా, గురజాల చుట్టుపక్కల ఏ విచారణలో చూసినా, ఒకే తల్లి పాలు తాగిన అన్నదమ్ములు మాటల్లేకుండా ఉన్న ఇళ్లు కనిపిస్తాయి. పొలం గట్టు జానెడు జరిగిందని ఒకచోట, బోదె నీళ్ల వంతు తప్పిందని ఇంకొకచోట, తల్లి మెడలోని గొలుసు చిన్నకోడలికి పోయిందని వేరొకచోట. ఆదివారం పూజకు ఇద్దరూ వస్తారు. ఒకరు కుడివైపు కూర్చుంటే ఒకరు ఎడమవైపు కూర్చుంటారు. దివ్యసత్ప్రసాదం ఇద్దరూ స్వీకరిస్తారు. గుడి బయట పిల్లలు ఒకరి మొగం ఒకరు చూసుకొని, పలకరించుకోవాలని ఉండి కూడా, అమ్మానాన్నల వంక భయంగా చూస్తారు.

మన పల్నాడు ఒకప్పుడు మెట్టసీమ. శ్రీనాథుడంతటి కవి ఇక్కడికొచ్చి, జొన్నకూడు తప్ప మరొకటి దొరకలేదని ఎగతాళి చేశాడని చెప్పుకుంటారు. 1955 డిసెంబరు 10న నాగార్జునసాగర్‌కు పునాదిరాయి పడింది. 1967 ఆగస్టులో కాలువలకు నీళ్లు వదిలారు. కుడికాలువ మన నేలను తడిపింది. జొన్న పండిన చోట వరి, పత్తి, మిరప వచ్చాయి. ఎకరం విలువ పెరిగింది. దేవుడిచ్చిన మేలు అది, కాదనలేం. అయితే విలువ లేనినాడు కొలవని గట్టును విలువ వచ్చాక కొలవడం మొదలుపెట్టాం. ఆ తప్పు నీళ్లది కాదు. నేల తడిసినంతగా మన గుండెలు తడవలేదు, అంతే.

అన్నదమ్ముల పోరు ఎంత దూరం పోతుందో పల్నాటివారికి వేరే చెప్పాలా? అనుగురాజు కొడుకులు నలగామరాజు, మలిదేవరాజు. తల్లులు వేరైనా తండ్రి ఒక్కడే. 12వ శతాబ్దంలో ఆ ఇంటి పొత్తు చెడింది. కోడిపుంజుల పందెం దాకా వచ్చి, కారెంపూడి రణభూమిలో ముగిసింది. బాలచంద్రుని వంటి పసివాళ్లు నేలకొరిగారు. తండ్రుల కాలంలో పుట్టిన పగకు బిడ్డల నెత్తురు ధారపోశారు. కారెంపూడిలో ఏటా కార్తికమాసంలో వీరుల ఉత్సవాలు జరుగుతాయి. ఆ ఉత్సవాల్లో కోడిపోరూ ఉంది, చాపకూడూ ఉంది. కులభేదం లేకుండా అందరినీ ఒకే చాప మీద కూర్చోబెట్టి బ్రహ్మనాయుడు అన్నం పెట్టించాడని దానికి గుర్తు. అంటే ఈ నేల మనకు రెండు ఆస్తులు ఇచ్చింది: ఒకటి కోడిపోరు, ఒకటి చాపకూడు. మన పిల్లల పేర రాసిపెడుతున్నది ఏది?

పరిశుద్ధ గ్రంథం తెరిస్తే మొదటి పుస్తకమంతా అన్నదమ్ముల కథలే. కయీను హేబెలును పొలంలోనే చంపాడు. ఏశావు, యాకోబులు కవలలు. తండ్రికి పెద్దవాడంటే ఇష్టం, తల్లికి చిన్నవాడంటే ఇష్టం (ఆది 25). ఆ ఇంట్లో తగాదా బిడ్డలతో మొదలు కాలేదు, తలిదండ్రుల పక్షపాతంతో మొదలైంది. యాకోబు దానివల్ల దేశం విడిచి పారిపోయాడు. ఇంత అనుభవించినవాడు తన బిడ్డలనైనా సమంగా చూశాడా? లేదు. యోసేపుకు మాత్రం ప్రత్యేకమైన అంగీ కుట్టించాడు (ఆది 37). మిగిలిన కొడుకులు ఆ అంగీని చూసి కుళ్లిపోయారు. చివరకు తమ్ముణ్ణి అమ్మేశారు.

తలిదండ్రులారా, అంగీ అంటే గుడ్డ ఒక్కటే కాదు. “అన్నను చూసి బుద్ధి తెచ్చుకో” అని పదిమందిలో అనే మాట ఒక అంగీ. కొడుక్కి గుడ్డు పెట్టి, కూతురికి పులుసు పోయడం ఒక అంగీ. ఒకణ్ణి ఫీజులు కట్టి చదివించి, ఇంకొకణ్ణి మిరపకాయ కోతకు పంపడం ఒక అంగీ. తప్పనిసరి అయి చేసినా, ఆ తప్పనిసరి ఏమిటో రెండోవాడికి దగ్గర కూర్చోబెట్టుకొని చెప్పకపోతే, వాడు దాన్ని ముప్పై ఏళ్లు మనసులో మోస్తాడు. మనం పోయాక పొలం పంచుకునేటప్పుడు బయటకు తీస్తాడు. జానెడు గట్టు కోసం తలలు పగలగొట్టుకునేవాళ్లను చూసి, ఇంత చిన్నదానికి ఇంత కోపమా అనుకుంటాం. నిజానికి వాళ్లు పోట్లాడేది గట్టు కోసం కాదు, చిన్ననాడు దొరకని ఆ గుడ్డు కోసం.

ఇదే గ్రంథంలో మనం గమనించకుండా దాటిపోయే ఘట్టం ఒకటి ఉంది. ఆదికాండం 33వ అధ్యాయం తీసి చూడండి. చాలా ఏళ్ల తరువాత యాకోబు అన్నకు ఎదురుపోతున్నాడు. ఏశావు 400 మందితో వస్తున్నాడని కబురు. యాకోబు తన భార్యలను, బిడ్డలను వరుసగా నిలబెట్టాడు. అందరికన్నా వెనుక రాహేలు, ఆమె పక్కన పసివాడు యోసేపు. యాకోబు ముందుకు నడిచి అన్న ఎదుట ఏడుసార్లు నేలకు వంగాడు. మోసపోయినవాడు ఏశావు, అయినా పరుగెత్తుకొచ్చి తమ్ముణ్ణి కౌగిలించుకున్నది అతడే. ఇద్దరూ ఏడ్చారు. ఇదంతా ఎవరు చూశారు? యోసేపు చూశాడు. తప్పు చేసిన తండ్రి వంగడం చూశాడు. తప్పు భరించిన పెదనాన్న పరుగెత్తడం చూశాడు.

ఆ పిల్లవాడే పెద్దవాడై ఐగుప్తులో అధికారి అయ్యాడు. తనను అమ్మిన అన్నలు ఆకలితో వచ్చి అతని ముందు నిలబడ్డారు. పగ తీర్చుకునే అధికారమంతా అతని చేతిలో ఉంది. అతడేమి చేశాడు? వాళ్ల మెడల మీద పడి ఏడ్చాడు (ఆది 45). సరిగ్గా ఆనాడు పెదనాన్న చేసినట్టే చేశాడు. ఆనాడు అక్కడ మిగిలిన కొడుకులూ ఉన్నారు. వాళ్లూ చూశారు, అయినా తమ్ముణ్ణి అమ్మారు. కాబట్టి మనం రాజీపడితే చాలు, పిల్లలందరూ తప్పక మంచివాళ్లయిపోతారని చెప్పలేం. విత్తిన ప్రతి గింజా మొలవదు. కాని విత్తని గింజ ఒక్కటీ మొలవదు కదా! మన బిడ్డలు రేపు ఒకరినొకరు మన్నించుకోవాలంటే, మన్నించడమంటే ఎలా ఉంటుందో ఒక్కసారైనా కళ్లతో చూసి ఉండాలి.

“న్యాయం నా వైపుంది. గట్టు జరిపింది వాడు. నేనెందుకు వంగాలి?” అంటారా? న్యాయం వదులుకొమ్మని శ్రీసభ చెప్పదు. సర్వేయరును పిలిపించి కొలిపించండి. పెద్దమనుషుల్లో పెట్టండి. తప్పకపోతే కోర్టుకూ వెళ్లండి. అయితే కేసు కోర్టులో ఉండాలి గాని పిల్లవాడి మనసులో ఉండకూడదు. ఆస్తి పంచి పెట్టమని ఒకతను యేసునాధుని అడిగినప్పుడు, ప్రభువు తీర్పరిగా ఉండడానికి ఒప్పుకోలేదు. దురాశను గురించి హెచ్చరించాడు (లూకా 12). గట్టును గొలుసుతో కొలవవచ్చు. దురాశను కొలిచే గొలుసు ఏ సర్వేయరు దగ్గరా లేదు. దాన్ని మనమే మోకాళ్ల మీద నిలబడి కొలుచుకోవాలి.

కానుకమాత పేరు పల్నాటి విశ్వాసులకు కొత్త కాదు. రెంటచింతలలో మరియమాతను ఆ పేరుతోనే పిలుచుకుంటాం. మరియమ్మ, జోజప్పగారు బాలయేసును దేవాలయంలో కానుకగా సమర్పించారు. పేదలు గనుక రెండు పక్షులు మాత్రమే ఇవ్వగలిగారు (లూకా 2). ఆ బాలుడే పెరిగి పెద్దవాడై కానుకను గురించి ఒక కఠినమైన మాట చెప్పాడు (మత్తయి 5). పీఠం దగ్గరకు వచ్చాక, నీ సహోదరునికి నీ మీద ఏదో నొప్పి ఉందని గుర్తుకు వస్తే, కానుకను అక్కడే వదిలి, ముందు వెళ్లి అతనితో సమాధానపడమన్నాడు. శ్రద్ధగా గమనించండి. నీకు అతని మీద కోపముంటే అనలేదు, అతనికి నీ మీద ఉంటే అన్నాడు. తప్పెవరిదో తేలేదాకా ఆగమని కూడా అనలేదు. గుర్తుకు వచ్చినవాడే ముందు నడవాలి. ఆ నడిచేవాడి చేయి పట్టుకొని బిడ్డ కూడా నడిస్తే, అంతకు మించిన సత్యోపదేశం ఏముంటుంది?

మన పూర్వుల సంగతి ఒకటి తలచుకుందాం. 18వ శతాబ్దంలో జెస్విట్ గురువులు తెలుగు నేల మీద విశ్వాసపు విత్తనం చల్లారు. 1773లో 14వ క్లెమెంటు పోపుగారు జెస్విట్ సభను రద్దు చేశారు. గురువులు కరువైపోయారు. పూజ వినడమే అపురూపమైన ఆ రోజుల్లో విశ్వాసాన్ని నిలబెట్టినది ఎక్కువగా తల్లుల ఒడి, తండ్రుల జపం. గుంటూరు మేత్రాసనం 1940లో ఏర్పడేనాటికి, అలాంటి ఇళ్లలో చేతి నుంచి చేతికి అందుతూ వచ్చిన దీపాలు ఇక్కడ వెలుగుతూనే ఉన్నాయి. ఈనాడు మనకు గుళ్లున్నాయి, గురువులున్నారు, మఠకన్యలున్నారు, బడులున్నాయి. అయినా ఇంట్లో దీపం ఆరిపోతే వీధి దీపం ఎంతసేపు వెలుగిస్తుంది? 1964లో రెండవ వాటికన్ మహాసభ కుటుంబాన్ని ఇంటిలోని చిన్న శ్రీసభ అన్నది, తలిదండ్రులే బిడ్డలకు మొదటి బోధకులని చెప్పింది. కుటుంబ ప్రేమను గురించి 2016లో వెలువరించిన లేఖలో ఫ్రాన్సిస్ పోపుగారు, ఇంట్లో సమాధానపడకుండా ఏ రోజునూ ముగించవద్దని కోరారు. దానికి పెద్ద మాటలు అక్కరలేదు, ఒక చిన్న చేష్ట చాలునన్నారు. సూర్యుడు కుంకేలోపే కోపం విడవాలని పునీత పౌలుగారు ఏనాడో చెప్పలేదా?

కాబట్టి ఈ వారం మన ఇళ్లలో నాలుగు పనులు చేద్దాం. మొదటిది, రాత్రి జపంలో మనకు మాటల్లేనివారి పేరు పైకి పలికి, పిల్లలు వింటుండగా వారి క్షేమం కోసం ప్రార్థిద్దాం. ఒకరి పేరును దేవుని ముందు రోజూ పలుకుతూ ఆ మనిషిని ఎల్లకాలం ద్వేషించడం కష్టం. రెండవది, ఆ అన్నో తమ్ముడో చిన్నప్పుడు మనకు చేసిన మంచి ఒకటి పిల్లలకు చెబుదాం. ఒకే కంచంలో సద్దన్నం తిన్న రోజులు, జ్వరం వస్తే భుజాన మోసుకొచ్చిన రోజులు ప్రతి ఇంట్లోనూ ఉంటాయి. మూడవది, పెద్దల తగాదాలోకి పిల్లలను లాగవద్దు. బాబాయి కొడుకుతో ఆడుకుంటే కొట్టవద్దు. దేవుడు తెరిచి ఉంచిన తలుపు అదొక్కటే కావచ్చు.

నాలుగవది కాస్త లౌకికమైన పని, అయినా ప్రేమతో చేయవలసిన పని. బతికి ఉండగానే ఆస్తి సంగతి తేల్చి, పిల్లలందరికీ తెలిసేలా వీలునామా రాయండి. వీలునామా లేకుండా తండ్రి పోతే, క్రైస్తవులకు వర్తించే 1925 నాటి భారత వారసత్వ చట్టం ప్రకారం భార్యకు మూడింట ఒక వంతు, మిగిలిన రెండు వంతులు బిడ్డలకు సమానంగా చెందుతాయి. ఆ చట్టంలో కొడుకనీ కూతురనీ తేడా లేదు. ఆడపిల్లకు కట్నమిచ్చాం కదా అని నోరు మూయించడం చట్టమూ కాదు, ధర్మమూ కాదు. తండ్రి దాచిన కాగితం, తల్లి రహస్యంగా ఇచ్చిన నగ రేపు అన్నాచెల్లెళ్ల మధ్య గోడలవుతాయి.

పొలం పంచి ఇస్తాం, ఇల్లు పంచి ఇస్తాం. పంచినకొద్దీ అవి తగ్గుతాయి. మన్నించే మనసు మాత్రం ఎంతమంది బిడ్డలకు ఇచ్చినా ప్రతివాడికీ మొత్తమూ దక్కుతుంది. ఏశావును పరుగెత్తించిన దేవుడు, తప్పిపోయిన కుమారుని కోసం గడప దాటి వెళ్లిన తండ్రి మనస్సు గల దేవుడు, మన కాళ్లకు కూడా ఆ బలం ఇచ్చునుగాక. వచ్చే ఆదివారం పూజకు ముందే, ఆ గుమ్మం దాకా నాలుగడుగులు వేయించునుగాక.