ఎవరి సంతకం, ఎవరి మాట?

మూడేళ్ల కిందట గాజువాకలో మా పెద్దమ్మ పదకొండు రోజులు వెంటిలేటర్ మీద ఉండి పోయింది. ఆస్పత్రివాళ్లు తెచ్చిన ప్రతి కాగితం మీదా అన్నయ్యే సంతకం పెట్టాడు. "నాకా గొట్టాలొద్దురా" అని ఆవిడ ఇంట్లో చాలాసార్లే అంది. వంటింట్లో అన్న మాట కదా, నిర్ణయంలా ఎవరి చెవికీ ఎక్కలేదు. అన్నయ్యను తప్పు పట్టలేను. తల్లికి వైద్యం చేయించలేదన్న మాట పడాల్సివస్తుందని అతని భయం.

ఆ వంటింటి మాటకు చట్టంలో చోటు ఉంది. కోలుకునే ఆశ లేని దశలో ప్రాణాన్ని సాగదీసే చికిత్స వద్దని ముందే రాసిపెట్టుకోవచ్చని 2018 మార్చి 9న కామన్ కాజ్ కేసులో సుప్రీంకోర్టు చెప్పింది. అప్పట్లో మేజిస్ట్రేటు సంతకం కావాలన్నారు. 2023 జనవరిలో ఆ నిబంధన సడలించారు. ఇద్దరు సాక్షులు, నోటరీ లేదా గెజిటెడ్ అధికారి ఉంటే చాలు. మనకు స్పృహ లేనప్పుడు మన తరఫున మాట్లాడేవాళ్ల పేర్లూ అందులో రాయాలి.

ఈమధ్య అమ్మతో కూర్చుని ఆ కాగితం మొదలుపెట్టాను. "అన్నీ వద్దని రాసేయ్ తల్లీ, మీకు భారం కాకూడదు" అంది. నా చెయ్యి ఆగిపోయింది. జీవితమంతా అందరూ తిన్నాక మిగిలింది తిని, అదే ఇష్టమని చెప్పిన మనిషి. ఆమె "వద్దు" అంటే అది కోరికా, అలవాటా? ఆడవాళ్ల మాటకు విలువివ్వాలని ఇన్నేళ్లుగా రాస్తున్నదాన్ని, తీరా మా అమ్మ మాటనే అనుమానిస్తున్నానా?

2004లో హైదరాబాదులో కండరాల క్షీణతతో మంచాన పడ్డ చదరంగం ఆటగాడు వెంకటేశ్, అవయవాలు పాడవకముందే దానం చేసేలా తన ప్రాణాధార యంత్రాన్ని తీసేయమని కోరాడు. తల్లి సుజాత ఆ కోరికను హైకోర్టు దాకా మోసుకెళ్లింది. చట్టం ఒప్పదని కోర్టు కాదంది. ఆ డిసెంబరులోనే అతను చనిపోయాడు. కొడుకు మాట కోసం తల్లి అంతదూరం నడిచింది. మా పెద్దమ్మ మాట ఐసియు తలుపు దాకా కూడా వెళ్లలేదు.

మళ్లీ అడిగాను. "డబ్బుకీ, చేసే మనుషులకీ లోటు లేదనుకో. అప్పుడేం కావాలి?"

అమ్మ చాలాసేపు మాట్లాడలేదు. "గొట్టాలు అప్పుడూ వద్దు. నొప్పి తెలియకుండా మందివ్వాలి. ముందు గదిలో మంచం వెయ్యాలి, వచ్చేపోయేవాళ్లు కనపడాలి."

"మరి భారం అన్నమాట తీసెయ్యనా?"

"ఉండనీ. అదీ నిజమే కదా."

తన తరఫున మాట్లాడేవారిగా ముందు తమ్ముడి పేరు చెప్పింది. కాసేపాగి నా పేరూ రాయమంది. సోమవారం నోటరీ దగ్గరికి వెళ్తున్నాం.