గోడమీది బొమ్మ ఎవరిది?

ఒక వస్తువును అది పుట్టిన ప్రయోజనం నుండి విడదీసి దాచుకొనే హక్కు మనిషికి ఉన్నదా? నాగలి దున్నడానికి పుడుతుంది, గొంగళి కప్పుకోవడానికి పుడుతుంది. కొత్త నాగలిని అద్దాల బీరువాలో పెట్టినవాణ్ణి చూసి మనం నవ్వుతాం. కాని కళావస్తువు సంగతి వచ్చేసరికి ఆ నవ్వు ఆగిపోతుంది. దాచినవాడే రసికుడన్న అభిప్రాయం లోకంలో స్థిరపడి ఉంది. ఇది ఎంతవరకు నిజమో తేల్చాలంటే, నాలుగు రోజులు గోడమీద ఉండి పోవడానికే పుట్టిన ఒక కళావస్తువును పరీక్షకు తీసుకోవాలి. 1960ల ఉత్తరార్ధంలో అమెరికాలోని శాన్‌ఫ్రాన్సిస్కోలో రాక్ సంగీత కచేరీలకు వేసిన సైకడెలిక్ వాల్ పోస్టర్లు అటువంటివి. వాటిని సేకరించేవారు నేడు అనేక దేశాలలో ఉన్నారు.

ముందు ఆ పోస్టర్ల పుట్టుక చూద్దాం. 1965లో ఆ నగరపు మైమ్ ట్రూప్ అనే నాటక బృందం అనుమతి లేకుండా పార్కులో నాటకం ఆడబోయిందని దాని దర్శకుణ్ణి అరెస్టు చేశారు. కోర్టు ఖర్చులకోసం బృందం మేనేజరు బిల్ గ్రాహం సహాయార్థ సభలు ఏర్పాటు చేశాడు. ఆ సభల నుండే ఫిల్మోర్ ఆడిటోరియంలో వారం వారం జరిగే కచేరీలు పుట్టాయి. 1966లో చెట్ హెల్మ్స్ ఆధ్వర్యంలో ఫ్యామిలీ డాగ్ అనే సంస్థ అవలాన్ బాల్‌రూములో కచేరీలు నడపసాగింది. వీటికోసం వెస్ విల్సన్, స్టాన్లీ మౌస్, ఆల్టన్ కెల్లీ, రిక్ గ్రిఫిన్, విక్టర్ మొస్కోసో, బానీ మక్లీన్ మొదలయినవారు పోస్టర్లు గీశారు. ఆఫ్‌సెట్ యంత్రంమీద అచ్చయిన ఆ కాగితాలు దుకాణాల కిటికీలకు, గోడలకు, స్తంభాలకు ఎక్కాయి.

ప్రకటన అన్నది పరుగెత్తేవాడికి కూడా అర్థం కావాలని వ్యాపార సూత్రం. వీరు ఆ సూత్రాన్ని తలకిందులు చేశారు. విల్సన్ అక్షరాలు మంటలా పైకి లేస్తాయి, నీటిలా వంగుతాయి. యేల్ విశ్వవిద్యాలయంలో జోసెఫ్ ఆల్బర్స్ వద్ద రంగుల శాస్త్రం నేర్చిన మొస్కోసో, సమానమైన తీవ్రతగల విరుద్ధ వర్ణాలను పక్కపక్కన పెట్టి, వాటి అంచులు కళ్లముందు కంపించేటట్లు చేశాడు. ఏ రోజు కచేరీ, ఎవరు పాడతారు అన్నది తెలియాలంటే దారినపోయేవాడు నిలబడాలి, అక్షరం అక్షరం కూడబలుక్కోవాలి. వీధిలో నిలబడి చూసే తీరిక గలవాడినే ఆ బొమ్మ పిలిచింది.

ఆ బొమ్మలకు మూలాలెక్కడివి? విల్సన్ అక్షరాలకు ప్రేరణ ఇరవయ్యవ శతాబ్దారంభంలో వియన్నా కళాకారుడు ఆల్ఫ్రెడ్ రోలర్ రాసిన అక్షరాలు. 1966 సెప్టెంబరులో గ్రేట్‌ఫుల్ డెడ్ బృందం కచేరీకి మౌస్, కెల్లీ వేసిన గులాబీల అస్థిపంజరం ఎంతో ప్రసిద్ధమైనది. దాని మూలం ఉమర్ ఖయ్యాం రుబాయీలకు ఎడ్మండ్ సల్లివాన్ గీసిన బొమ్మ. అది వారికి ఆ నగర ప్రజా గ్రంథాలయంలో దొరికింది. 1967 జనవరి 14న గోల్డెన్ గేట్ పార్కులో జరిగిన హ్యూమన్ బీ-ఇన్ అనే సభకు వేసిన ఒక పోస్టరులో మన దేశపు సాధువు ముఖం ఉన్నది. ఆ సాధువు పేరు పోస్టరుమీద లేదు. పాఠకులు గమనించవలసిన విషయం ఇది: నలుగురి సొత్తయిన గ్రంథాలయం నుండి, పేరు తెలియని మనుషుల ముఖాల నుండి, పరాయి దేశాల కళ నుండి తీసుకొన్నదాన్ని ఈ కళాకారులు తిరిగి నలుగురూ నడిచే వీధికే ఇచ్చారు. వారి అప్పు వీధిలోనే తీరింది.

సేకరణ కూడా ఆ వీధిలోనే మొదలయింది. పోస్టరు అంటించి వెళ్లిన కొద్దిసేపటికే ఎవరో ఊడదీసుకొని పోయేవారు. ఫిల్మోర్‌లో కచేరీ ముగిసి ఇళ్లకు వెళ్లేవారికి గ్రాహం పోస్టర్లు ఊరకే పంచేవాడు. ఈ తొలి సేకర్తలలో రెండు రకాలున్నారు. కచేరీ తేదీకి ముందే పోస్టరు ఊడదీసినవాడు తన తరువాత ఆ దారిన వచ్చే వందమందికి చేరవలసిన కబురును దొంగిలించాడు. తేదీ దాటిన తరువాత తీసినవాడు వానకు నానిపోయేదాన్ని కాపాడాడు. కాగితం ఒకటే, చేసిన పనీ ఒకటే. ఆ కాగితం ఇతరులకు చేయవలసిన సేవ ముగిసిందా లేదా అన్నదే ధర్మాధర్మాలను వేరుచేస్తున్నది.

ఇక నేటి బజారును చూడండి. తొలి ముద్రణా, మలి ముద్రణా అని మొదటి ప్రశ్న. మడత ఉందా, మూలల్లో గుండుసూది రంధ్రాలున్నాయా, వెనుక జిగురు మరకలున్నాయా అని తరువాతి ప్రశ్నలు. పరీక్షించి, పదికి ఇన్ని మార్కులని వేసి, ప్లాస్టిక్ పలకలమధ్య బిగించి ఇచ్చే కంపెనీలు వెలిశాయి. అరుదైన తొలి ముద్రణలు వేలాది డాలర్లు పలుకుతున్నాయి. ఈ మార్కుల అర్థం ఏమిటి? గోడకెక్కి, ఎండకు వెలిసి, మనుషులను కచేరీకి పిలిచిన పోస్టరుకు తక్కువ మార్కులు. కట్టలోనుండి బయటికే రాక, ఎవరినీ పిలవక, ఏ కన్నుకూ ఆనక ఉన్నదానికి ఎక్కువ మార్కులు. పని చేసినది చవక, పని ఎరగనిది ప్రియం! కాగితం విషయంలో ఈ న్యాయం మనకు చిత్రంగా తోచవచ్చు. మనుషుల విషయంలో ఈ న్యాయమే ఎంతకాలంగా నడుస్తున్నదో ఆలోచిస్తే చిత్రం కొంత తగ్గుతుంది.

అయితే సేకర్తను తిట్టి ఊరుకోవడం న్యాయం కాదు. అతడే లేకపోతే ఈ బొమ్మలలో చాలా భాగం చెత్తబుట్టల పాలయ్యేది. ఏది ఎప్పుడు అచ్చయింది, ఎన్ని మార్లు అచ్చయింది, ఎవరు గీశారు అన్న చరిత్రను ఓపికగా కూర్చినవారిలో సేకర్తలు ముఖ్యులు. పైగా ఆ కాలం డబ్బు వాసన ఎరగని స్వర్ణయుగమూ కాదు. గ్రాహం కచేరీల పోస్టర్లు 1971 నాటికి 287 వరకు వరుస అంకెలతో వచ్చాయి. అంకె ఉన్నచోట తక్కినవి కూడా కావాలన్న ఆశ పుడుతుంది. 1967 నాటికే అవి దుకాణాలలో అమ్ముడవుతున్నాయి. ఆ సెప్టెంబరులో లైఫ్ పత్రిక పోస్టర్ల వెర్రిని ముఖచిత్ర కథనంగా వేసింది. అమెరికా జెండాలో స్వస్తిక గుర్తు పెట్టి, తరువాత వంతు మనదేనా అని 1965లో ప్రశ్నించిన విల్సన్, 1967లో డబ్బు తగాదాతో గ్రాహంను విడిచిపెట్టాడు. ఆ ఘట్టంలో అతడు వేసిన పోస్టరులో పాముతో పాటు డాలరు గుర్తు ఉంటుంది. మొస్కోసో తన బొమ్మలపై హక్కు తనకే ఉండాలని నియాన్ రోజ్ పేరుతో స్వయంగా ప్రచురించుకొన్నాడు. కళాకారుడు తన శ్రమకు ఫలం అడగడంలో తప్పు లేదు. ఆనాటి చేతికి ఆనాడే దక్కని ధర, ఆ కాగితాన్ని ఎన్నడూ తాకని చేతికి దక్కడంలోనే చిక్కు ఉంది.

ఇక్కడ ఒక ఆక్షేపణ రావచ్చు. అచ్చుబొమ్మకు ప్రతులు ఉంటాయి, పుస్తకాలలో కనబడుతుంది, ఒకడు తన ప్రతిని తాళం వేసుకొంటే లోకానికి నష్టమేమిటి అని. కంపించే ఆ రంగులను పుస్తకంలోని చిన్న బొమ్మ పూర్తిగా చూపలేదన్నది ఒక సమాధానం. అంతకంటె ముఖ్యమైనది మరొకటి ఉంది. బొమ్మ అందరికీ దొరుకుతున్నదని ఒప్పుకొంటే, తాళం వేసుకొన్నవాడి దగ్గర ప్రత్యేకంగా ఉన్నదేమిటి? సౌందర్యం కాదు, అది అందరికీ ఉంది. ఇతరుల దగ్గర లేకపోవడమే అతడి ఆస్తి. గడ్డివాములోని కుక్క గడ్డి తినదు, ఆవును తిననివ్వదు. అది గడ్డికి యజమాని అని ఎవరూ అనరు.

కనుక దాచడమా, దాచకపోవడమా అన్నది అసలు ప్రశ్న కాదు. వీధి తన వస్తువును కాపాడుకోలేని కాలంలో ఎవరో ఒకరు కాపాడాలి. కాని అలా కాపాడేవాడు ధర్మకర్త. గుడి నగలకు ధర్మకర్త ఉన్నట్లే, ఈ కాగితాలకు సేకర్త ఉండాలి. గుండుసూది రంధ్రాన్ని లోపమని పూడ్చకుండా, అది ఆ పోస్టరు చేసిన కొలువుకు సాక్ష్యమని కాపాడాలి. గీసినవాడి పేరు, అచ్చయిన తీరు, తెచ్చిన చోటు రాసిపెట్టాలి. అడిగినవాడికి చూపాలి, ప్రదర్శనలకు ఇవ్వాలి. 2017లో శాన్‌ఫ్రాన్సిస్కోలోని డి యంగ్ మ్యూజియం ఆ కాలపు పోస్టర్లను పెద్ద ప్రదర్శనగా పెట్టినప్పుడు, వాటి ఎదుట మనుషులు మళ్లీ నిలబడి వంకర అక్షరాలను కూడబలుక్కోగలిగారు. పోస్టరుకు అంతకుమించిన కొలువు లేదు.

ప్లాస్టిక్ పలకల మధ్య పదికి పది మార్కులు పొందిన పోస్టరు ఇంకా ఒక్క మనిషిని కూడా పిలవలేదు. అది పూర్తి కాని ప్రకటన. దాన్ని పూర్తి చేసే అవకాశం నేడు దాని సేకర్త చేతిలో ఉన్నది. ఈ బొమ్మ నాదని అతడు చెప్పుకోవచ్చు, చట్టం అడ్డు చెప్పదు. కాని గీసినవాడు గోడకోసం గీశాడు, గోడ దారినపోయేవారిది.