కూలితో తీరని ఋణము

దానమునకును ఋణవిమోచనమునకును గల భేదము మన పెద్దలకు చక్కగా తెలియును. దానము చేసినవానికి పుణ్యము కలుగును. చేయనివానికి ఆ పుణ్యము లేకపోవును, అంతియే. అప్పు తీర్చినవానికి విశేషపుణ్యమేమియు లేదు. తీర్చనివానికి మాత్రము పాపము తప్పదు. పుచ్చుకొనువాని స్థితియు వేరు. దానము పట్టువాడు చేయి చాచును. అప్పు రాబట్టుకొనువాడు తలయెత్తి అడుగును. ఇంత స్పష్టమైన ఈ భేదమును మనము ఒక్కచోట మరచుచున్నాము. మన పనిలో నుండగా దెబ్బతిన్న పనివానికి మనమిచ్చునది దానమా, ఋణమా?

ఇది భక్తులకు సంబంధింపని లౌకికవిషయమని ఎవరైన తలంతురేమో. స్వామి సన్నిధిలో మనము సమర్పించు కొబ్బరికాయ కోనసీమ తోటలో ఒక దింపు కార్మికుడు నిలువెత్తు చెట్టెక్కి కోసి దింపినది. గోపురమునకు రంగు వేయువాడు సారువ మీద నిలిచి వేయును. తదీయారాధనలో మనము కూర్చుండి ఆరగించు అన్నము గాడిపొయ్యి యొద్ద ఒకరు చెమటోడ్చి వండినది. వీరిలో ఎవరి కాలు జారినను, ఎవరి చేయి కాలినను, ఆ అపాయము మన కైంకర్యములో భాగముగనే సంభవించినది.

నేనెరిగిన ఒక గృహస్థుని ఇంట వివాహము జరిగినది. వంటకు కుదిరినాయన గుండిగనుండి గంజి వార్చుచుండగా పట్టు తప్పి మోకాలినుండి పాదము వరకు కాలినది. ఇంటివారు కఠినులు కారు. ఆ పూటనే వైద్యునికి చూపించిరి. కూలిడబ్బులు పూర్తిగా ఇచ్చిరి. మూడువారములు గడచినను ఆయన పొయ్యి దగ్గర నిలువలేకపోయెను. అప్పుడా గృహస్థుడు కొంత ధనము, ఒక పంచెల చాపు పళ్ళెములో నుంచి, "ఆచార్యులవారూ, ఏ సంకల్పము చెప్పుకొని ఈయవలెను?" అని నన్నడిగెను. "అప్పు తీర్చునప్పుడు సంకల్పము చెప్పుకొను ఆచారము లేదు నాయనా" అంటిని. ఆయన కొంచెము నొచ్చుకొనెను. కాని పళ్ళెము పక్కన పెట్టి, ఆయనకెన్నిదినముల పని పోయినదో లెక్క అడుగుటకు తానే వెళ్ళెను.

శాస్త్రమేమి చెప్పుచున్నదో చూతము. మనకు అనుకూలమైన మాటలనే ఏరుకొనుట న్యాయము కాదు గనుక కఠినమైన మాటను ముందే చెప్పుదును. మనుస్మృతి ఎనిమిదవ అధ్యాయమున, పీడితుడైన పనివాడు స్వస్థుడై ఒప్పుకొన్న పనిని పూర్తిచేసినచో ఎంతకాలమైనను అతనికి వేతనము చెందునని యున్నది. ఆ వెంటనే, తాను చేయక, మరియొకరిచేత చేయింపక విడిచినచో, కొద్దిపాటి పనియే మిగిలియున్నను వేతనము లేదనియు ఉన్నది. ఈ రెండవ విధిని చూపి చేతులు దులుపుకొనువారు కలరు. కాని అచ్చట పీడ ఎట్లు కలిగెనో చెప్పబడలేదు. యజమాని పనివలననే కలిగిన గాయము ప్రత్యేకముగా విచారింపబడలేదు. ఆ విచారణ అర్థశాస్త్రమున కనబడును. రాజసేవకుల భరణమును గూర్చి చెప్పుచు కౌటిల్యుడు, పనిలో మరణించినవారి భార్యాపుత్రులకు అన్నమును వేతనమును అందవలెననెను. వారిలోని బాలురను, వృద్ధులను, రోగులను ఆదుకొనుమనెను. శుక్రనీతి, ప్రభుకార్యమున నశించినవాని వేతనము అతని కుమారునికి బాల్యము గడచువరకు చెల్లవలెనని విధించెను. శుక్రనీతి కాలమును గూర్చి పండితులలో వివాదమున్నది. అది అర్వాచీనమని కొందరందురు. ఎప్పటిదైనను మాట మంచిదే. ఈ రెండు గ్రంథములును ఇట్టి భరణమును దానప్రకరణమున చెప్పలేదు, వేతనప్రసంగమున చెప్పినవి.

ఇక మన వైష్ణవులకు పరమప్రమాణము శ్రీరామచంద్రుని ఆచరణ. రావణవధ ముగిసినది. దేవేంద్రుడు ప్రత్యక్షమై వరము కోరుకొమ్మనెను. పదునాలుగేండ్లు అడవుల పాలైన రాజకుమారుడు తన కొరకేమియు అడుగలేదు. తన నిమిత్తము పరాక్రమించి ప్రాణములు విడిచిన వానరులందరును లేచి రావలెననెను. లేచివచ్చినవారికి గాయముండరాదు, బాధయుండరాదు అనెను. అంతటితో ఆగక, వారెచ్చట నివసించిన అచ్చట అకాలమునందును ఫలమూలములు సమృద్ధిగా ఉండవలెననియు, నదులు నిర్మలముగా ప్రవహింపవలెననియు కోరెను. ఈ ఘట్టమును పారాయణలో మనము వేగముగా దాటిపోవుదుము. పట్టాభిషేకము దగ్గరపడినదను తొందర. ఒక్కసారి ఆగి చూచినచో స్వామి ఎంత లెక్కగా అడిగెనో తెలియును. గాయము మానుటతోడనే పని ముగిసినదని ఆయన తలపలేదు. మానిన తరువాత వారేమి తిందురను చింతయు ఆయనదే.

జటాయువు మాటయు ఇట్టిదే. ఆయనను ఎవరును జీతమిచ్చి నియమింపలేదు. వృద్ధుడు, రావణునితో తలపడుట వివేకమా అని లోకము ప్రశ్నింపవచ్చును. శ్రీరాముడు ఆ ప్రశ్న వేయలేదు. తండ్రికి వలె దహనసంస్కారము చేసి గోదావరిలో ఉదకము విడిచెను.

ఇచ్చట ఆస్తికులలోనే ఒక ఆక్షేపణ పుట్టును. "వాని ప్రారబ్ధము అట్లున్నది, మనమేమి చేయగలము?" అందురు. కర్మసిద్ధాంతమును నేను తేలిక చేయువాడను కాను. జీవితమంతయు దానినే చదివి చెప్పితిని. అయితే తన కష్టమును తన ప్రారబ్ధమని ఓర్చుకొనుట సాధువుల లక్షణము. ఎదుటివాని కష్టమును వాని ప్రారబ్ధమని పలికి సంచి ముడి బిగించుట ఆ సిద్ధాంతమును అడ్డు పెట్టుకొని అప్పు ఎగవేయుట. అప్పిచ్చినవానితో "నీ సొమ్ము పోవుట నీ ప్రారబ్ధము" అనగలమా? పరుల దుఃఖమును చూచి సహింపలేకుండుటయే దయ అని మన సంప్రదాయమున చెప్పుదురు. ఆ దయకు ముందు, కనీసము లెక్క సరిగా ఉండవలెను గదా.

రాజశాసనము ఈ లెక్కను ఏనాడో కట్టినది. పనివారి నష్టపరిహారపు చట్టము 1923లో పుట్టి, 1924 జూలై 1 నుండి అమలైనది. అది ఇప్పుడు 2020 నాటి సామాజిక భద్రతా స్మృతిలో కలిసినది. ఆ స్మృతి 2025 నవంబరు 21న అమలులోకి వచ్చినది. శాసనమునకు 'స్మృతి' అను పేరు పెట్టినవారెవరో గాని, వినుటకు నాకు సంతోషముగా నున్నది. నెలకు పదివేల రూపాయల వేతనము గల నలుబదియేండ్ల పనివాడు పనిలో మరణించినాడనుకొందము. వేతనములో సగమును ఆ వయసునకు నిర్ణయించిన 184.17 అను గుణకముచే హెచ్చింపవలెను. 9,20,850 రూపాయలగును. బ్రతికియుండి ఇక ఏ పనియు చేయలేని స్థితికి వచ్చినచో నూటికి అరువది వంతున 11,05,020 రూపాయలు. బొటనవ్రేలు పోయినచో ఈ రెండవ మొత్తములో నూటికి ముప్పది. ఏకలవ్యుని కథ విన్నవారికి ఆ వ్రేలి విలువ వేరుగా చెప్పనక్కరలేదు. చికిత్సకైన వ్యయమును యజమానియే భరింపవలెను. ఇ.ఎస్.ఐ. బీమా ఉన్న కర్మాగారములలో ఈ భారమును ఆ సంస్థయే వహించును.

ఈ శాసనములో రెండంశములు నాకు మిక్కిలి ధర్మసమ్మతముగా తోచినవి. "నాకేమియు అక్కరలేదు" అని పనివానిచేత ముందే కాగితము వ్రాయించుకొన్నను అది చెల్లదు. ఆకలిగొన్నవాని సంతకము సమ్మతి కాదని శాసనకర్తలు గ్రహించిరి. రెండవది, మద్యము సేవించియుండెననియో, భద్రతకై చెప్పిన ఆజ్ఞను బుద్ధిపూర్వకముగా ధిక్కరించెననియో యజమాని వాదింపవచ్చును గాని, మరణము గాని సంపూర్ణవైకల్యము గాని కలిగినప్పుడు ఆ వాదమునకు చోటులేదు. వితంతువు ఎదుట నిలిచి చనిపోయినవాని తప్పులెన్నుట అంతటితో ఆగినది.

అయినను శాసనపు చేయి ప్రతి ఇంటికిని చాలదు. ఒక గృహస్థుడు తన ఇల్లు తాను కట్టుకొనుచు, పనిని మేస్త్రీకి గుత్తకిచ్చి, కూలివాడు పడినచో "నాకు మేస్త్రీతోడనే మాట" అనును. గుత్తకిచ్చినది పనిని, ఇంటిలో నివసింపబోవునది మేస్త్రీ కాదు. గోడ మన కొరకు లేచుచున్నప్పుడు దానిమీదనుండి పడినవాడు ఎవరి మనిషియను సందేహము నాకు లేదు. పని మొదలిడుటకు ముందే మేస్త్రీని అడుగదగినవి కొన్ని కలవు. కూలీలకు బీమా ఉన్నదా? వారు భవన నిర్మాణ కార్మికుల సంక్షేమ మండలిలో పేరు నమోదు చేయించుకొనిరా? పదునెనిమిది మొదలు అరువది యేండ్ల లోపు వయసుండి, గడచిన ఏడాదిలో తొంబది దినములు ఆ పని చేసినవారు నమోదుకు అర్హులు. ముహూర్తము పెట్టించుకొనుటకు వచ్చువారితో నేనీ మాటయు చెప్పుచున్నాను. కొందరు చిరునవ్వు నవ్వుదురు, కొందరు వ్రాసికొందురు.

దింపు కార్మికుని విషయము ఇంతకంటె చిక్కైనది. ఆయన ఒకే దినమున పలువురి చెట్లెక్కును. పడినది ఎవని చెట్టునుండియో వాడొక్కడే ఋణస్థుడా? ఉదయమునుండి ఎక్కిన చెట్ల అలసట ఆ కాలిలో ఉన్నది గదా! కావున ఆ దినమున కాయ దింపించుకొన్నవారందరును భాగస్వాములనియే నా అభిప్రాయము. కొబ్బరి అభివృద్ధి మండలి ఇట్టివారి కొరకు కేర సురక్ష అను బీమాను నడుపుచున్నది. ప్రీమియములో అధికభాగమును మండలియే భరించును. మిగిలిన కొద్దిపాటి సొమ్మును తోటలవారు కలిసి చెల్లించినచో ఒక్కొక్కరికి వచ్చునది కొన్ని కాయల వెల.