శక్కర్ నగర్ దాకా వచ్చిన ఇసుక

చెరుకుకు శాస్త్రజ్ఞుల పేరు సక్కారమ్ అఫిసినారమ్. బోధన్ చేల గట్టు మీద నిలబడి ఒక్కసారి పైకి అని చూడండి. మొదటి మాట పరాయిదనిపిస్తుందా? మన దిక్కు అనేది శక్కరే కదా!

ఆ మాట పుట్టుక మరీ వింత. సంస్కృతంలో శర్కర అంటే గులక, గరుకు ఇసుక. మూత్రంలో పడే రాళ్ల పలుకులకూ పాత వైద్యులది అదే మాట. కాగిన చెరుకురసం చల్లారి పలుకు కట్టినప్పుడు ఎవరో వేళ్ల మధ్య నలిపి చూసి ఉంటారు. ఆ తీపికి పేరు పెట్టింది నాలుక కాదు, వేలు! ఎంత చక్కని పొరపాటు! ఆ ఇసుకే ప్రాకృతంలో సక్కర, గ్రీకులో సక్కరోన్, పారసీకంలో షకర్ అయింది. మలయాళపు చక్కరను పోర్చుగీసువాళ్లు జాగరా అంటే, ఇంగ్లీషువాళ్లు జాగరీ అని బెల్లానికి అంటగట్టారు. రోమన్ ప్లినీకి మాత్రం అది పళ్ల కింద పటుక్కుమనే మందు. తిండి కానే కాదు.

రెండో మాట కథ అక్కడే ఉంది. అఫిసినా అంటే పనిశాల. తర్వాత్తర్వాత మఠాల్లో మందులు దాచే గది. 1753లో లినేయస్ చెరుకుకు ఈ పేరు పెట్టాడు. చివరి ‘రమ్’ చేసే పని, కొట్టును ‘కొట్ల’ చేసే మన ‘ల’ చేసేదే. మందుకొట్ల శక్కర అన్నమాట.

నాకు మాత్రం పాత అర్థమే ఇష్టం: పనిశాలల శక్కర. 1931 నాటికి మంజీర మీద నిజాంసాగర్ కట్టారు. 1937లో బోధన్‌లో నిజాం షుగర్ ఫ్యాక్టరీ లేచింది. ఆ చోటు శక్కర్ నగర్ అయింది. లాటిన్ పేరులోని రెండు మాటలూ వచ్చి ఒకే ఇంట్లో కాపురం పెట్టినట్టు!

2015 డిసెంబరులో పనిశాల మూతపడింది.

కందకుర్తి దిక్కు మంజీర ఒడ్డున పూసే రెల్లుదీ ఇదే ఇంటిపేరు: సక్కారమ్ స్పాంటేనియమ్, తనంత తాను మొలిచేది. కోయంబత్తూరులో దాన్ని చెరుకుతో కలిపితేనే మన చేల రకాలకు గట్టిదనం వచ్చింది. రెల్లును నాటేవాళ్లు లేరు, గానుగ లేదు. దసరా ముందు చూడాలి, ఒడ్డంతా ఎవరో శక్కర ఆరబోసినట్టు.