పుట్టనివారి ఋణము

పితరులకు ఋణపడియుండుట మానవు డెరిగిన విషయమే. తాత నాటిన చెట్టు నీడలో కూర్చున్నవాడు ఆ ఋణమును కాదనలేడు. కాని ఇంకను పుట్టనివారికి బ్రదికియున్నవాడు ఋణపడియుండునా? ఉండినచో, ఆ ఋణమునకై వాని ప్రాణము నడుగు అధికార మెవరికైన కలదా?

2021వ సంవత్సరమున క్రిస్ మెక్‌కే దర్శకత్వమున వెలువడిన ‘ది టుమారో వార్’ అను అమెరికన్ చిత్రము పైకి తుపాకుల మ్రోతతో నిండిన వినోదమే. అయినను దాని నడుమ ఈ ప్రశ్న నిలిచియున్నది. 2022 డిసెంబరులో ఫుట్‌బాల్ పోటీ జరుగుచుండగా మైదానమున సైనికులు ప్రత్యక్షమగుదురు. వారు 2051 నుండి వచ్చినవారు. అన్యలోక జీవుల వాతబడి మానవజాతి అప్పటికి అయిదు లక్షలకు లోబడినదని చెప్పి, వర్తమానమువారి సాయము కోరుదురు. సైన్యములు పోయి చాలకపోగా, సామాన్యులను సైతము ఏడు దినముల యుద్ధమునకు నిర్బంధముగా పంపుదురు. డాన్ ఫారెస్టర్ అను జీవశాస్త్రోపాధ్యాయుడు అట్లు పోయినవారిలో నొకడు.

ఎవరిని పంపవలెనను విషయమున ఒక నియమము కలదు. ఒకే మనిషి రెండు వయస్సులతో ఒకే కాలమున ఉండరాదు గనుక, అప్పటికి మరణించియుండువారినే ఎన్నుకొందురు. యుక్తికిది సరిపోవును, నీతికి సరిపోదు. ఏడేండ్ల ఆయువు మిగిలినవాని ప్రాణము ఏబదియేండ్లు మిగిలినవాని ప్రాణముకన్న చవక కాదు. ఇంట ఎదురుచూచు బిడ్డకు ఆ యేడేండ్లే బాల్యమంతయు.

అట్లని పుట్టనివారి మొరను త్రోసివేయుటయు తగదు. వారికి ఓటు లేదు. న్యాయస్థానమున నిలుచు కాళ్లు లేవు. హాన్స్ జోనాస్ అను తత్త్వవేత్త 1979లో ప్రకటించిన గ్రంథమున, యంత్రశక్తి పెరిగినకొలది మానవుని బాధ్యత ముందు తరముల దాక వ్యాపించునని వాదించెను. వేల్స్ దేశము 2015లో భావితరముల క్షేమమునకై ప్రత్యేకముగా చట్టమే చేసినది. అయితే ఇవి కోరునది నేటివాని నడవడిలో అదుపు. వాని ప్రాణము కాదు. తన భోగమును తగ్గించుకొమ్మనుటకును, తన బిడ్డను అనాథను చేయుమనుటకును భేదము కలదు. స్వేచ్ఛగా ఇచ్చినది త్యాగము. బలవంతమున గుంజుకొన్నది త్యాగము కానేరదు.

చిత్రము రెండవ సగమున మరియొక సత్యము బయటపడును. ఆ జీవులు 2048లో ఆకాశమునుండి దిగలేదు. వారి నౌక సుమారు వేయియేండ్లకు పూర్వమే రష్యా ఉత్తరపు మంచులో కూలి, అచ్చటనే పడియున్నది. అగ్నిపర్వతములపై మక్కువగల ఒక విద్యార్థి తోడ్పాటుతో డాన్ ఆ చోటు కనుగొనును. అధికారులు సాయము నిరాకరింపగా కొద్దిమందితో తానే పోవును. లక్షలమందిని భవిష్యత్తునకు పంపి సాధింపలేని పని, వర్తమానమున గుప్పెడుమంది చేయగల పనిగా తేలినది. సకాలమున చేయవలసిన చిన్నపని చేయకపోవుటచేతనే పెద్ద బలి అవసరమైనట్లు కనబడును.

ఇచ్చట చిత్రము దాటివేసిన సంగతి యొకటి కలదు. ఆ జీవులు నౌకను నడపినవారు కారు, అందు తేబడిన సరకని చిత్రమే సూచించును. ఎదిరించువానిని ఆత్మరక్షణకై కొట్టుట వేరు. నిద్రించు ప్రాణిని రేపటి అపకారమునకై నేడు వధించుట వేరు. వేరుదారి లేదని తేలిన తరువాతనైనను ఆ పనికి జయజయధ్వానములు తగవు. ఒక్క క్షణపు మౌనమైనను తగును.

డాన్ భవిష్యత్తులో కలిసికొన్న సేనాధికారిణి అతని కూతురు మ్యూరియే. తండ్రి తమ్ము విడిచిపోయెనని ఆమె నోటనే అతడు వినును. శత్రువును చంపు విషమును సిద్ధపరచి, తన కాలమే లేకుండపోవునట్లు ఆమె దానిని వెనుకకు పంపును. డాన్ దానితోపాటు వేరొక పాఠమును గూడ తెచ్చును: ఇల్లు విడువరాదని. పుట్టనివారి ఋణము యుద్ధభూమిలో మొదలు కాదు. పుట్టి ఎదుట నిలిచిన బిడ్డకు చెల్లింపనివాడు, పుట్టబోవువారికి చెల్లింతుననుట వట్టిమాట.